లోపలి నుంచే పొడవాలి

మా తెలుగు టీచరుగారు పోయారు. వాళ్ళ తమ్ముడు సైకిలు దిగకుండానే చెప్పాడు. "అక్క వెళ్ళిపోయిందమ్మా. సాక్ష్యం నువ్వే చెప్పాలని ముందే అంది." మనిషిని మట్టిలో పెట్టేముందు మా క్రైస్తవుల్లో ఎవరో ఒకరు లేచి, ఆ మనిషి గురించి నాలుగు మాటలు చెబుతారు. నలుగురిలో నోరు తెరవలేని నన్ను ఆవిడ కోరుకున్నారు.

మా కాన్వెంటులో ఇంగ్లీషు రాకపోతే సిగ్గు, తెలుగు రాకపోతే గొప్ప. ఏడో తరగతిలో "పిచ్చుక గింజను కొరికింది" అని రాశాను.

"పిచ్చుకకి పళ్ళెప్పుడు మొలిచాయే తల్లీ?" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఆ సాయంత్రం నన్ను వాళ్ళ పెరట్లోకి తీసుకెళ్ళారు. ఓ పక్క మిరపకాయలు ఎండుతున్నాయి. గంపలో పెట్ట పొదుగుతోంది. దాని కింద నుంచి ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించారు. లోపల సన్నగా టిక్కు టిక్కుమంటోంది.

"ఇదీ పొడవడమంటే. పిట్ట గింజను పొడుస్తుంది, పురుగును పొడుస్తుంది, మీదికొస్తే నిన్నూ పొడుస్తుంది. అన్నిటికంటే ముందు తన పెంకును పొడుస్తుంది."

పెంకు మీద బీట కనబడితే గోటితో వలవబోయాను. చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. లోపలి నుంచే పొడవాలి. మనం వలిస్తే పిల్ల బతకదు."

"ఈ పిల్ల మూగదా ఏంటండీ? రెండు తగిలిస్తే అదే చదువుతుంది" అని మిగతా టీచర్లు అంటే, "మీ గోళ్ళు దూరంగా పెట్టుకోండి" అనేవారు. స్కూలు వదిలేదాకా నన్ను లేచి చదవమనలేదు. కాలేజీ సెలవుల్లో వెళితే మాత్రం "ఏమ్మా, బీట పడిందా?" అని అడిగేవారు. నేను తల దించుకునేదాన్ని. "సరేలే, అన్నం తిందువుగాని రా" అని గోంగూర కలిపి ముద్దలు పెట్టేవారు. అంత ఓపికగా నా కోసం ఎవరూ ఎదురుచూడలేదు.

సమాధుల తోటలో పాస్టరుగారు నా పేరు పిలిచారు. ముందుకు వెళ్ళాను. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "పాపం, దుఃఖం ఆగట్లేదు" అన్నారెవరో. నేను ఏడవడం కూడా లేదు. పాస్టరుగారు కాసేపు చూసి పాట ఎత్తుకున్నారు. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు.

మీలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను. రాసినది సాక్ష్యం కాదని నాకు తెలుసు. వినవలసిన మనిషి లేదు.

అందరూ వెళ్ళాక పక్క పత్తిచేను మీదుగా గోరింకలు వచ్చి ఆ తడి మట్టి మీద వాలాయి. పొడిచి పొడిచి వానపాముల్ని లాగుతున్నాయి. "హుష్" అని కూడా అనలేకపోయాను.