గుమ్మానికెక్కిన తప్పు అచ్చు

మీ ఇంటి గుమ్మానికి అంటించుకున్న యంత్రం కాగితం మీద ఏం రాసి ఉందో మీరెప్పుడైనా చదివారా? చదివి ఉండరు. చదవడానికి రాదు కనకనే దానికి పసుపు రాశారు. అలాంటి కాగితం ఒకటి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ఊళ్ళో గుమ్మం గుమ్మానా పూజలందుకుంది. దాని మీద ఏముందో నాకు తెలుసు. దాన్ని చెక్కించింది నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. టెక్కలి బస్టాండుకి దగ్గర్లో ఒక సైకిలు షాపు మేడ మీద గది తీసుకుని ఆదివారాలు బొమ్మలు నేర్పేవాణ్ణి. వచ్చేవాళ్ళలో చాలామంది డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై ఏదో ఒక బళ్ళో డ్రాయింగు మాస్టరుగా కుదురుకోవాలని ఆశపడేవాళ్ళు. వాళ్ళకి కూజాలూ ఆకులూ గీయడం నేర్పుతూనే, పరీక్షలో ఎవరూ అడగని రెండు పనులు కూడా నేర్పాను. కథకి బొమ్మ వెయ్యడం ఒకటి. చెక్క మీద బొమ్మ చెక్కి అచ్చు తియ్యడం రెండోది. ఒక్క గోడకి వేలాడే బొమ్మ కలిగినవాళ్ళ సొత్తు, వంద ఇళ్ళకి చేరే బొమ్మ అందరి మాట అని నా వాదం. సభల్లో మైకు దొరికినప్పుడల్లా ఇదే చెప్పేవాణ్ణి.

మా సరంజామా తక్కువ. వడ్రంగి పక్కన పడేసిన పలకలు, గొడుగు ఊచలకి పదును పెట్టి చేసుకున్న చిన్న ఉలులు, పెళ్ళికార్డులు వేసే ప్రెస్సువాళ్ళ డబ్బా అడుగున మిగిలిన నల్ల ఇంకు. చెక్కిన పలకకి ఇంకు పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దితే అచ్చు పడుతుంది. పలక మీద కుడివైపున్నది కాగితం మీద ఎడమకి వస్తుంది. అందుకని అక్షరాలుంటే వాటిని పల్చటి కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని బోర్లించి, పలక మీదకి దించుకుని చెక్కాలి. ఎన్నిసార్లు చెప్పినా కొత్తవాళ్ళు మరిచిపోయేది ఇక్కడే.

నా విద్యార్థుల్లో పూండి దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. పందొమ్మిదేళ్ళుంటాయి. తండ్రికి కొబ్బరి చెట్లు, కొంచెం జీడితోట. ఆ అమ్మాయి పట్టిన ఉలి తడబడగా నేను చూడలేదు. ఒకసారి తండ్రి పాదాలు చెక్కి తెచ్చింది, మడమల పగుళ్ళతో సహా. "ఇంత దగ్గరగా ఎప్పుడు చూశావమ్మా?" అనడిగితే, "మా నాన్న ఇప్పుడు ఎక్కువసేపు తొంగునే ఉంతన్నాడు మాస్టారూ" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. వాళ్ళ ఊళ్ళో అప్పటికే వీధికొకరు కిడ్నీ జబ్బుతో పోతున్నారు. కొందరు గాలి సోకిందన్నారు, కొందరు నీళ్ళన్నారు, కొందరు గ్రామదేవత కోపమన్నారు. కారణం డాక్టర్లకీ తెలియదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలియదని ఒప్పుకోవడం శాస్త్రానికి చిన్నతనం కాదు. కానీ ఒక సంగతి మాత్రం అప్పటికే తెలుసు. మనిషి మంచం పట్టకముందే రక్తపరీక్ష జబ్బుని పట్టిస్తుంది. మేం చెయ్యగలిగింది ఆ ఒక్క మాట ఊరికి చేర్చడం. రెండు కిడ్నీలు, వాటి నుంచి కిందికి దిగే రెండు గొట్టాలు, అడుగున పెద్ద అక్షరాల్లో 'రక్తపరీక్ష చేయించుకోండి' అని చెక్కడం మొదలుపెట్టాం.

అక్షరాలు చెక్కి అచ్చు తీసిన ఆదివారం నేను గదిలో లేను. బాబాలు గాల్లోంచి విభూతి ఎలా తీస్తారో చేసి చూపించడానికి శ్రీకాకుళంలో సభకి వెళ్ళాను. చప్పట్లు బాగా పడ్డాయి. తిరిగి వచ్చేసరికి కట్టెడు కాగితాలు అచ్చయి ఆరుతున్నాయి. ఒక్కదాని మీదా అక్షరాలు తిన్నగా లేవు. పల్చటి కాగితాన్ని బోర్లించడం మరిచిపోయారు. పిల్లలు తలలు దించుకున్నారు. నేను నవ్వేశాను. "వెనక తెల్లగానే ఉంది కదా, పారెయ్యకండి. ఇళ్ళకి పట్టుకెళ్ళి గీతలు సాధన చెయ్యండి" అన్నాను.

ఆ అమ్మాయి తన వంతు పట్టుకెళ్ళింది. వాళ్ళ నాయనమ్మ అందులో ఒకటి తీసి, వీధి గుమ్మం తలుపు చెక్కల మధ్య సందుకి గంజితో అతికించింది. ఈదురుగాలి ఆపడానికి, అంతే. పక్కింటావిడ చూసి అవేం అక్షరాలని అడిగింది. ముసలమ్మ తనకి తెలియదంది. తెలియదన్న మాటే చాలింది. గొట్టాలతో ఉన్న రెండు కిడ్నీలు వాళ్ళ కంటికి పడగలెత్తిన రెండు పాముల్లా కనిపించాయి. అదే వారం వాన పట్టి తండ్రి చెట్లెక్కడం మానాడు. ఎప్పట్నుంచో ఉన్న నడుం నొప్పి కాస్త తగ్గింది. ఇక చెప్పేదేముంది? మిగిలిన కాగితాలన్నీ రెండు రోజుల్లో ఇరుగుపొరుగు గుమ్మాలకెక్కాయి.

అమ్మాయి వచ్చి చెప్పగానే, మళ్ళీ చెక్కి సరిగ్గా అచ్చేసిన కాగితాలు పట్టుకుని పూండి బస్సెక్కాను. వాళ్ళ గుమ్మం మీద మా తప్పు అచ్చు పసుపూ కుంకుమలతో మెరుస్తోంది.

"ఇదేటి మామ్మా?" అన్నాను.

"జంట నాగులు బావూ. నీకు తెల్దేటి? మీ కాడ నుంచే గదా వచ్చినాయి."

"నాగులు కావు, కిడ్నీలు."

"సరే, కిడ్నీ నాగులు" అంది ముసలమ్మ, బేరం తెగ్గొట్టినట్టు.

పక్కింటావిడ చేతిలో కొత్త కాగితం పెట్టాను. అటూ ఇటూ తిప్పి వెనక్కిచ్చేసింది. "ఇది సదవడానికి వత్తంది మాస్టారూ. సదవడానికొచ్చేవి మా పిల్లల పుస్తకాల్లో బోలెడున్నాయి. ఆ సదవరానివుంటే రెండియ్యండి. మా ఆడబడుసుకి గూడా గావాల."

తండ్రి అరుగు మీద గోడకి జారబడి కూర్చున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. అయినా నవ్వాడు. "మీ సెయ్యి మంచిది మాస్టారూ. నడుం నొప్పి తగ్గినాది."

"తగ్గించింది కొట్లో కొన్న నొప్పి బిళ్ళలు. మీ అమ్మాయి చెప్పింది. రోజుకి ఎన్ని మింగుతున్నావు?"

"నొప్పెన్నిసార్లొత్తే అన్ని."

"అవి కిడ్నీలకి చేటు. పద, పలాస వెళ్ళి రక్తం ఇచ్చి వద్దాం. నేను తోడొస్తాను."

"రగతం తీసి జబ్బని రాసీత్తారు. మా ఊళ్ళో రాయించుకున్నోళ్ళందరూ పోనారు. రాయించుకోనోళ్ళం ఉన్నాం. సూత్తన్నారు గదా?"

ఎన్నో వేదికల మీద వాదించాను గాని ఇంత గట్టి తప్పుడు తర్కం ఎదురుకాలేదు. నాకు పట్టుదల వచ్చింది. ఇంట్లోంచి అద్దం తెమ్మని, గుమ్మం మీది కాగితానికి ఎదురుగా పట్టుకున్నాను. అక్షరాలు తిన్నగా నిలబడ్డాయి. చుట్టూ చేరినవాళ్ళందరికీ వినపడేలా చదివాను: "రక్తపరీక్ష చేయించుకోండి." అందరూ నవ్వుతారనుకున్నాను. భ్రమ వదిలిపోతుందనుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "ఓలమ్మా! అమ్మోరే సెప్తన్నాది! రగతం సూపించుకోమని అమ్మోరే సెప్తన్నాది!"

తండ్రి గోడ పట్టుకుని లేచాడు. ఆయన ముఖంలో ఆ మార్పు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. "నిజవేనా మాస్టారూ? అమ్మోరు సెప్పినాదేటి?" అని నన్నడిగాడు. ఊరంతా నా నోటికేసి చూస్తోంది. అమ్మాయి నా పక్కకి వచ్చి నెమ్మదిగా అంది: "అవునని ఒక్క మాటనండి మాస్టారూ. నాన్న వత్తాడు. ఇప్పుడే బయల్దేరతాడు."

నేను అనలేదు.

"అమ్మవారు చెప్పలేదు. మేం చెక్కాం. అదీ తప్పు చెక్కాం" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. పలక గురించి, అచ్చు గురించి, మూఢనమ్మకం మనిషిని ఎలా తింటుందో దాని గురించి చాలాసేపు మాట్లాడాను. ఎక్కడా తడబడలేదు. తండ్రి మర్యాదగా చివరిదాకా విన్నాడు. విని, మళ్ళీ కూర్చున్నాడు.

"అల్లయితే మామూలు కాయితవే అన్నమాట" అన్నాడు. "మామూలు కాయితం సెప్తే నేనెందుకెల్తాను?"

ఆ తర్వాత మూడుసార్లు వెళ్ళాను. బతిమాలాను, కోప్పడ్డాను, ఊళ్ళోకి ఎప్పుడో వచ్చే డాక్టరు కాళ్ళావేళ్ళా పడి ఇంటికి తీసుకెళ్ళాను. ఆ పూట తండ్రి తోటలోకి వెళ్ళి దాక్కున్నాడు. మరుసటి వేసవిలో అన్నం ఇమడక, వాంతులతో పడిపోయాక గాని రక్తం తియ్యనివ్వలేదు. అప్పటికి విశాఖపట్నం తీసుకెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించడం తప్ప దారి లేదన్నారు. వారానికి రెండుసార్లు ఆ అమ్మాయే తండ్రిని రైలెక్కించేది. డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష రోజున కూడా ఆమె ఆ రైల్లోనే ఉంది. జీడి పూత మళ్ళీ రాకముందే ఆయన పోయాడు.

పలకరించడానికి వెళ్ళినప్పుడు ఆమె ఏడవలేదు. చాప వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఖాళీ గ్లాసు అందుకుంటూ అడిగింది: "ఆ రోజు ఒక్క మాటనుంటే మీకేటి తగ్గిపోను మాస్టారూ?"

ముందే తెలిసి ఉంటే ఆయన బతికేవాడని ఏ డాక్టరూ నాతో అనలేదు. ఆ బిళ్ళలు మాత్రం ఏడాది ముందే ఆపించేవాళ్ళం. నేను అబద్ధం ఆడి ఉంటే రేపు ఇంకెవడో అదే అమ్మవారి పేరు చెప్పి రక్తపరీక్ష వద్దనేవాడు. ఈ వాదం సరైనదేనని నాకు ఇప్పటికీ నమ్మకం. కానీ ఆ చాప మీద కూర్చున్నప్పుడు ఈ వాదం నా నోట్లోంచి బయటికి రాలేదు. ఆమె ఉలి మళ్ళీ పట్టలేదు. నేను ఆదివారాలు నేర్పుతూనే ఉన్నాను. కాగితం బోర్లించే చోటికి వచ్చేసరికి నోటితో చెప్పను, నేనే బోర్లించి ఇస్తాను.

నన్ను తిట్టాలంటే తిట్టండి. దానికి తీరిక తర్వాత దొరుకుతుంది. నడుం లాగుతోందని, నీరసంగా ఉందని, కొట్లో బిళ్ళ అడగబోతున్న మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆ బిళ్ళ లాక్కోండి. రేపు ఉదయమే ఆ మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి పరీక్షకి రక్తం ఇప్పించండి. మీరూ ఇవ్వండి. వచ్చిన చీటీ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించి, అర్థమయ్యేదాకా అడగండి. అమ్మవారి మాట మీద వెళతారో, నా మీద కోపంతో వెళతారో మీ ఇష్టం. వెళ్ళండి.