చుక్క నీరు రాని జీపు

మా అల్లుడుగారికి నీళ్ళంటే భయం. ఈ మాట నేనే ముందు చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన చచ్చినా చెప్పరు. స్నానం చేసేటప్పుడు కూడా మొహం మీద నీళ్ళు పడకుండా తల వెనక్కి వాల్చి పోసుకునే మనిషి. అలాంటి మనిషి లోతు నీళ్ళలో నడిచే జీపు తయారు చేస్తానని ఏళ్ళ తరబడి మా ఇంటి ముందు జాగా అంతా ఆక్రమించుకున్నారు. నేను బట్టలు ఆరేసుకునే తాడు కూడా ఆ జీపు కోసమే పీకేశారు.

ఆయనది నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం. ఎక్కడ పైపు కారినా జనం ఫోన్ చేసేది ఆయనకే. "అలాగేనండీ, రాసుకున్నానండీ, మనిషిని పంపిస్తామండీ" అనడం ఆయన పని. ఆ మనిషి వెళ్ళాడా లేదా అన్నది వేరే గదివాళ్ళు చూసుకుంటారు. పొద్దస్తమానం కారే పైపుల గోడు విని విని ఆయనకి చిల్లు కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. మా వంటింటి కొళాయి మాత్రం నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ కారుతూనే ఉంది. ఒకసారి ఆయన చెవిన వేశాను. "రాసుకున్నానండీ అత్తయ్యగారూ" అన్నారు.

జీపు పిచ్చి ఊరికే పట్టలేదు. నా మనవరాలు పుట్టిన రోజున వాగు పొంగి, దాని మీది రోడ్డు చప్టా మునిగిపోయింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున. ఈయన స్కూటర్ మీద మా అమ్మాయిని, నన్ను కూర్చోబెట్టుకుని వాగు దాకా వచ్చి, నీళ్ళు చూసి ఆగిపోయారు. ఇసుక తోలే ట్రాక్టరతను అమ్మాయిని, నన్ను ఎక్కించుకుని దాటించాడు. ఈయన ఎక్కలేదు. ఇవతలి ఒడ్డున అమ్మాయి చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నీళ్ళు తీశాక వచ్చి బిడ్డను చూశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు, నోట్లోనే దాచుకున్నాను. తర్వాత నెల తిరక్కుండానే ఆ పాత జీపు ఇంటికొచ్చింది. ఈసారి వాగు పొంగితే నా పెళ్ళాన్ని నేనే దాటిస్తాను అన్నది ఆయన పంతం. ఆ ముక్క పైకి చెప్పలేదు గానీ, ఇంట్లో అందరికీ తెలుసు.

పని మాత్రం శ్రద్ధగా చేశారు, కాదనను. ఇంజిన్ గాలి పీల్చే చోటు నుంచి లావుపాటి గొట్టం ఒకటి అద్దం పక్కగా పైకప్పు దాకా లాగారు. గేర్‌బాక్సుకి, ఇరుసులకి గాలాడే సన్న గొట్టాలు పెట్టి పైకి కట్టారు. వైర్లు కలిసే ప్రతి చోటా గ్రీజు మెత్తారు. ముందు భాగానికి కట్టడానికి తార్పాలిన్ కుట్టించారు. తలుపులకి రబ్బరు మీద రబ్బరు. ఇక ఆదివారం వస్తే ఆయన లోపల టార్చి పట్టుకుని కూర్చునేవారు, మా అమ్మాయి బయట నుంచి పైపుతో జీపు మీద నీళ్ళు కొట్టాలి. ఎక్కడైనా తడి తగిలితే దొంగ దొరికినట్టే. చిల్లులు పూడ్చే సీలెంటు జిగురు పట్టుకుని వాడి అంతు చూసేదాకా అన్నానికి లేచేవారు కాదు.

ఈ వ్యవహారంలో ఆయనకి సలహాదారు వీధి చివర టైర్ల దుకాణం ఆయన. నీళ్ళలో బండి నడపడం గురించి ఆ టైర్లాయన ఎంతసేపైనా మాట్లాడగలడు. తన బండి మాత్రం ఎండలో పెడితే రంగు పోతుందని షెడ్డు దాటి రాదు. ఒక ఆదివారం ఇద్దరూ జీపు కింద దూరి, కాళ్ళు పెట్టుకునే చోట నాలుగు చిల్లులు ఉన్నట్టు కనిపెట్టారు.

"ఇవేంటండీ, ఇలా వదిలేశారు?" అన్నారు అల్లుడుగారు.

"కంపెనీవాళ్ళకి ఏం పోయింది? వాళ్ళు నీళ్ళలోకి దిగుతారా?" అన్నాడు టైర్లాయన.

ఆ కంపెనీవాళ్ళు పనిగట్టుకుని చిల్లులు ఎందుకు పెట్టారో అని ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. రబ్బరు బిరడాలు తెచ్చి బిగించి, చుట్టూ సీలెంటు పూశారు. ఆ రోజు అల్లుడుగారి మొహంలో వెలుగు చూడాలి. పెళ్ళినాటి ఫోటోలో కూడా అంత వెలుగు లేదు.

ఇంత చేసి, జీపు ఒక్కసారి కూడా నీళ్ళలో దిగలేదు. వానలు పడ్డప్పుడల్లా ఏదో ఒకటి తక్కువయ్యేది. వెనక తలుపు రబ్బరు రాలేదనో, గొట్టం బిగింపు నచ్చలేదనో అనేవారు. ఎప్పుడు దింపుతారని అడిగితే నీళ్ళు నమిలేవారు. వీధిలో అందరూ ఆయన్ని కెప్టెన్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన అది గౌరవం అనుకున్నారు.

ఇలా ఉండగా, మనవరాలి బళ్ళో వార్షికోత్సవం వచ్చింది. బడి కూడా అవతలి ఒడ్డునే. నాటకంలో పిల్లది మేఘం వేషం వేస్తోంది. సామాన్లతో పాటు పిల్లల్ని ముందు రోజే తీసుకెళ్ళి బళ్ళోనే పడుకోబెట్టుకున్నారు. "ముందు వరుసలో కూర్చోవాలి, ముగ్గురూ" అని ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది. ఆ రాత్రి ఒకటే వాన. తెల్లారేసరికి చప్టా మళ్ళీ మునిగింది.

మేము జీపులో వాగు దగ్గరికి వెళ్ళేసరికి ఒడ్డున సగం ఊరుంది. అదే ట్రాక్టరు, అదే మనిషి, కాస్త జుట్టు నెరిసింది. "ఎక్కండమ్మా, ఇంకో ఇద్దరికి చోటుంది" అన్నాడు మా అమ్మాయిని చూసి. అల్లుడుగారు స్టీరింగ్ పట్టుకుని నీళ్ళ వంక చూస్తున్నారు. వెనక సీట్లో ఉన్న నేను ఆయన్నే చూస్తున్నాను. ఈయన ఇప్పుడు కూడా ఏదో రబ్బరు రాలేదంటారని, నేను ట్రాక్టరెక్కడానికి చీర కుచ్చెళ్ళు సర్దుకున్నాను.

మా అమ్మాయి ట్రాక్టరతనితో, "వద్దన్నా, మాకు బండి ఉంది" అంది. మొగుడి వైపు తిరిగి, "పోనివ్వండి" అంది.

పోనిచ్చారు. పోనిచ్చారంటే, బాగానే పోనిచ్చారు. ఎక్కడా తొందరపడలేదు. తార్పాలిన్ ముందు నీళ్ళు పక్కలకి చీలుతున్నాయి, ఇంజిన్ పైకప్పు మీది గొట్టంతో హాయిగా ఊపిరి పీలుస్తోంది. నీళ్ళు తలుపు సగానికొచ్చాయి. లోపల ఒక్క చుక్క లేదు. "చూశారా అత్తయ్యగారూ" అన్నారు వెనక్కి తిరక్కుండా.

చూస్తూనే ఉన్నాను. వాగు మధ్యకి వచ్చేసరికి అవతలి ఒడ్డు ఎదురుగా లేదు, పక్కకి పోయింది.

"ఏమండీ, ఇటు తిప్పండి."

"తిప్పుతున్నాను."

"ఎక్కడ తిప్పుతున్నారు?"

"తిప్పుతున్నానే, తిరగట్లేదు."

టైర్లు గిరగిరా తిరుగుతున్నాయి, జీపు మాత్రం చప్టా వదిలేసి తన దారిన తాను నెమ్మదిగా పోతోంది. చుక్క నీరు దూరకుండా బిగించిన పుణ్యానికి అది జీపు కావడం మానేసి పడవైంది. ఒడ్డున ఎవరో "కెప్టెన్ గారూ" అని చెయ్యి ఊపారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నా, ఆ ఊపినవాడి మీద నాకు కోపం వచ్చింది. మా అల్లుణ్ణి అనాలంటే నేను అనాలి.

"తేలుతున్నాం. బరువు చాలట్లేదు" అన్నారు ఆయన నీరసంగా.

"ఇంకెవర్ని ఎక్కించుకుంటాం బాబూ ఇక్కడ?" అన్నాను.

మా అమ్మాయి కిటికీలోంచి కిందికి చూసింది. "నీళ్ళనే ఎక్కించుకుందాం" అంది.

ఆయన ఆమె వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. ఎన్ని ఆదివారాలు, ఎంత సీలెంటు. స్క్రూడ్రైవరు తీసి, మోకాళ్ళ మధ్య తల దూర్చి, తన కాళ్ళ కింది బిరడాని తానే పెకలించారు. నీళ్ళు ఒక్క చిమ్ము చిమ్మి తిన్నగా మొహం మీద కొట్టాయి. ఆయన తల వెనక్కి వాల్చలేదు. కళ్ళు మూసుకుని, మా అమ్మాయి వైపుది కూడా పీకారు. వెనకవి రెండూ నేను పీకాను, నా గోళ్ళే సాక్ష్యం.

నీళ్ళు మడమలకి, పిక్కలకి, సీటు అంచుకి వచ్చాయి. ఉన్నట్టుండి కింద గరగరమని చప్పుడైంది. టైర్లకి గులకరాళ్ళు తగిలాయి. జీపు ఒకసారి ఉలిక్కిపడి, అల్లుడుగారి మాట వినడం మొదలుపెట్టింది. చప్టాకి చాలా దిగువన, ఎవరూ ఎక్కని చోట, తుప్పల్ని తొక్కుకుంటూ ఒడ్డెక్కింది. అవే చిల్లుల్లోంచి నీళ్ళన్నీ బయటికి పోతుంటే అప్పుడు తెలిసింది, కంపెనీవాళ్ళు వాటిని అన్నీ తెలిసే పెట్టారని.

ఆయన దిగారు. నిలువునా తడిసి, జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉన్నారు. లోపల తేలుతున్న మా అమ్మాయి చెప్పులు రెండూ ఏరి, నీళ్ళు వంచి, వంగి ఆమె కాళ్ళ ముందు పెట్టారు. ఆమె ఆయన భుజం పట్టుకుని చెప్పులు తొడుక్కుంది.

ఆయన్ని అనాలని నేను ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. దెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. నా కొంగు పిండి ఆయన చేతికిచ్చి, "తల తుడుచుకోండి బాబూ, పిల్ల చూస్తే భయపడుతుంది" అన్నాను.