గాజుతీగకు వేసిన ముడి

2022లో నేను మక్తల్‌లో ఒక ఫైబర్ ఇంటర్నెట్ ఆఫీసులో ఫిర్యాదులు చూసే పనిలో చేరాను. చుట్టుపక్కల ఊళ్లకు కరెంటు స్తంభాల మీదుగా అప్పుడప్పుడే ఫైబర్ లాగుతున్నారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "వంద ఎంబీపీఎస్ అంటిరి, ఫోన్ల ముప్పై సూపిస్తాంది. కడమది ఏడ వోయింది?" వంద అనేది రౌటర్ దాకా వచ్చే వేగం. అక్కడి నుంచి వైఫై మన రాతిగోడలు దాటేసరికి తగ్గుతుంది. పూర్తి వేగం కావాలంటే కంప్యూటర్‌కు రౌటర్ నుంచి వైరు కలపాలి. ఇదే రోజంతా చెప్పేదాన్ని.

మంజుల ఆ మాట అడగలేదు. దగ్గరి ఊరి పిల్ల, డిగ్రీ చదివింది. చంకలో పాలుతాగే కూతురు. భర్త పుణెలో మేస్త్రీ పనికి వెళ్లాడు. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆమెకు ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఇచ్చింది, మొదటి నెల పని చూసి ఖాయం చేస్తామంది.

"స్పీడు ఎంతన్న రానీ అక్కా, డ్యూటీల మాత్రం ఆగొద్దు. ఆగితే హైదరాబాద్ వచ్చి చెయ్యమంటరు. హాస్టల్ల పిల్లను ఉండనియ్యరు."

నాకూ ఇంట్లో అదే వయసు పిల్లాడు ఉన్నాడు. దగ్గరుండి కనెక్షన్ వేయించాను. వైరు పెట్టి చూస్తే తొంభై దాటింది. మూడు వారాలు బాగానే నడిచింది.

ఒకరోజు పొద్దున్నే ఫోన్. "అక్కా, రౌటర్ మీద ఎర్రలైటు ఎలుగుతాంది."

ఆ లైటును ఎల్‌ఓఎస్ అంటారు. తీగలోంచి కాంతి రావడం లేదని అర్థం.

"వైరు తెగిందా చెల్లె?"

"గడ్డి ట్రాక్టర్ తగిలి తెగింది. మా మామ అతికిచ్చిండు. అయినా వస్తలేదు."

ఫోన్ మామకు ఇవ్వమన్నాను. "పెద్దనాయినా, ఎట్ల అతికిచ్చిన్రు?"

"బోరుమోటరు వైరు ఎట్ల అతికిస్తనో గట్లనే బిడ్డా. తోలు గీకి, మెలేసి, టేపు సుట్టిన. పొడుగు సాలకుంటే స్తంభం మీది డబ్బాల కెళ్లి జర గుంజిన. నా ముడి ఇప్పటిదాంక ఊడలే, ఊర్ల ఎవలనన్న అడుగు."

బోరున్న ప్రతి ఇంట్లోనూ ఈ పని వచ్చు. కానీ ఫైబర్ లోపల ఉండేది వెంట్రుక మందాన గాజు. మెలేస్తే పగిలిపోతుంది. ఇంటి వైరు ఒక్కటే తెగి ఉంటే మా వాళ్లు సాయంత్రానికి కొత్తది వేసేవారు. ఊళ్లోని ఇళ్లన్నిటికీ తీగలు విడిపోయేది స్తంభం మీది ఆ డబ్బాలోంచే; ఆయన గుంజడంతో అందులోని అతుకులు విరిగి ఊరంతా నెట్ ఆగిపోయింది. వాటిని స్ప్లైసింగ్ మెషీన్‌తో కరిగించి కలపాలి. మాకున్న ఒక్క మెషీన్ అప్పుడు మరోచోట మెయిన్ లైను పనిలో ఉంది. ఎన్ని ఫోన్లు చేసినా మూడోరోజుకు గానీ రాలేదు.

ఈలోపు మంజుల డాబా ఎక్కి ఫోన్ సిగ్నల్‌తో ప్రయత్నించింది. చాలలేదు. హైదరాబాద్ ఆఫీసుకు వచ్చి చేయి, లేకపోతే మానేయి అన్నారు కంపెనీవాళ్లు.

ఆమె హైదరాబాద్ బయల్దేరే ముందు రౌటర్ తిరిగి ఇవ్వడానికి మామాకోడళ్లు కలిసి వచ్చారు. ఆయన కూర్చోలేదు.

"నేను ముట్టకపోతే ఈ పిల్ల నౌకరి ఇంటికాన్నే ఉంటుండెనా బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపు మంజుల నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు ముట్టకున్నా మెషీనే రాకపాయె కద మామా. ఊకో" అంది.

ఆయన బయటికి వెళ్లాక పాప గురించి అడిగాను.

"పాలు మాన్పిస్తున్న అక్కా. యాపాకు నూరి రాసుకుంటున్న. నోరు పెట్టి, శేదు తగిలి, నా మొఖం జూస్తది."

ఇప్పుడు కొత్త కనెక్షన్ ఇచ్చే ప్రతి ఇంటికీ వేగం సంగతి కన్నా ముందు, తెగితే ముట్టుకోవద్దని చెబుతున్నాను. వింటారు. విని, "మరి మీరెప్పుడొస్తరు?" అని అడుగుతారు. మెషీన్ ఇప్పటికీ ఒక్కటే.