మూడు నిమిషాల్లో మా ఆయన పేరు

ఆ రోజుల్లో మా పల్లెల్లో ఫోను మోగిందంటే ఎవరో పోయారని అర్థం. బతికున్నవాళ్ళ సంగతులకి కార్డు ముక్క చాలేది, పెళ్ళికి పసుపు రాసిన శుభలేఖ చాలేది, పురుడొస్తే మనిషే నడిచొచ్చి చెప్పేవాడు. పోస్టాఫీసు మూలబల్ల మీద నల్లగా, బరువుగా కూర్చున్న ఆ వస్తువు వైపు చూడటానికే నాకు భయంగా ఉండేది. కార్డు కొనుక్కోవడానికి వెళ్ళినా దానికి వీపు పెట్టి నిలబడేదాన్ని. (చూడకపోతే అది మోగదని నా నమ్మకం.) అలాంటిదాన్ని, పంతొమ్మిదేళ్ళ కొత్త కోడల్ని, ఊరందరి ముందూ ఆ ఫోను పట్టుకుని కరెంటు బిల్లు గురించి పట్నంతో మాట్లాడవలసి వచ్చింది.

మా అత్తగారి ఊరు విజయనగరానికి ఎగువన, ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాటాక వస్తుంది. మావగారు నా పెళ్ళికి ముందే కాలం చేశారు. మా ఆయనకి నౌపడ రైల్వే స్టేషన్లో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వచ్చేవారు. ఇంట్లో నేనూ, మా అత్తా. అత్త గట్టి మనిషి. అయిదెకరాల వరి, రెండెకరాల గోగు ఒంటిచేత్తో చేయించేది. అరక దున్నేవాడినీ, మునసబునీ ఒకే గొంతుతో పిలిచేది. పాములకి జంకేది కాదు, జప్తుకొచ్చే కోర్టు అమీనాకి జంకేది కాదు, ఫోనంటే మాత్రం ఆమడ దూరం. మనిషి కనపడకుండా మాటాడేది దెయ్యం కాక మరేటని ఆవిడ వాదన.

మా ఇంటికి కరెంటు వచ్చి అప్పటికి ఏడాది. రెండు బల్బులు, ఒక రేడియో. ఆ రేడియో మా అత్త ప్రాణం. సాయంత్రమయ్యేసరికి వీధిలో ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరేవారు, ఎవరెక్కడ కూర్చోవాలో అత్త నిర్ణయించేది. ఇష్టమైనవాళ్ళు ముందు వరసలో, గట్టు తగాదా ఉన్నవాళ్ళు స్తంభం వెనక. నేను కోడల్ని కాబట్టి గుమ్మం లోపల, బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని వినేదాన్ని. రేడియో వచ్చాక మా అత్త మాటకి ఊళ్ళో విలువ రెట్టింపయిందని అందరూ అనేవారు. ఆవిడా అనేది.

ఆ వానాకాలం ఒక సోమవారం, బిల్లులు పంచే మనిషి గొడుగు కిందనుంచే మా ఆయన పేరు చెప్పి, ఇల్లు ఇదేనా అని అడిగి, తడిసిపోయిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. గురువారం లోపల కట్టకపోతే లైన్‌మాను వచ్చి తీగ పీకేస్తాడని చెప్పి, గొడుగు కిందే వెళ్ళిపోయాడు. పేరున్నచోట సిరా కారిపోయి నీలం మరక మిగిలింది గానీ, నంబరూ మొత్తమూ చక్కగా కనబడుతున్నాయి. ఎప్పుడూ నాలుగైదు రూపాయలు దాటని బిల్లు, ఈసారి నూట ఎనభై పైన. అత్త గోడకి జారబడి చాలాసేపు రేడియో వైపు చూసింది. ఆ పాటలు పాడినవాళ్ళ కూలీ కూడా మన నెత్తినే ఏసినారేటని అనుమానపడింది.

ఆ సాయంత్రానికే గెడ్డ పొంగి బస్సు ఆగిపోయింది. కరెంటాఫీసు గెడ్డకి అవతల, పన్నెండు మైళ్ళ దూరంలో పట్నంలో ఉంది. లైన్‌మాను మాత్రం ఇవతలే ఉన్నాడు. (ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఇవతలే ఉంటారు.) తీగలు పీకవలసిన ఇళ్ళ జాబితా ముందే అతని దగ్గర ఉంటుందట. మా ఆయనకి ఉత్తరం రాసినా అది చేరేసరికి మేము చీకట్లో ఉంటాం. ఇక మిగిలింది పోస్టాఫీసు ఫోను. అత్త నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"పదకొండు తరగతులు సదివినావు. ఆ సదువు ఇలాటప్పుడు పనికిరాకపోతే, పిడకలు కొట్టడానికి పనికొస్తాదేటి?"

నేను ఏడుపు ముఖంతో కాగితమూ కలమూ తీసుకుని, చెప్పవలసిన మాటలు రాసుకున్నాను. బళ్ళో నేర్పిన అర్జీ తప్ప నాకు మరో మర్యాద తెలీదు. 'మహారాజశ్రీ కరెంటు ఆఫీసువారి దివ్యసముఖమునకు' అని మొదలుపెట్టి, 'తమ విధేయురాలు' దాకా ఒకటిన్నర పేజీ. మంగళవారమంతా దాన్ని బట్టీ పట్టాను. మధ్యాహ్నం అత్త నాకు ఇత్తడి చెంబు ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోమంది. తను తలుపు వెనక నిలబడి ఆఫీసు మనిషయింది. పాపం నాకు ధైర్యం రావాలనే చేసింది గానీ, వేషం వేసేసరికి ఆవిడకి ఎక్కడలేని అధికారం వచ్చేసింది. నేను దివ్యసముఖమునకు అనగానే, డబ్బు కట్టకుండా ఈ కబుర్లేటి, రేపే తీగ పీకించేస్తానని తలుపు వెనకనుంచి గదమాయించింది. నేను నిజంగానే ఏడ్చాను. అత్త తలుపు వెనకనుంచి వచ్చి, కళ్ళు తుడిచి, బెల్లం ముక్క నోట్లో పెట్టి, ఆ ఆఫీసోడు మంచోడు కాడే అంది.

బుధవారం పొద్దున్నే ఇద్దరం పోస్టాఫీసుకి వెళ్ళాం. పోస్టుమాస్టరు గారు డబ్బు కట్టించుకుని, పట్నానికి ట్రంకు కాలు బుక్ చేసి, లైను దొరకగానే ఫోనే మోగుతుందని చెప్పి, మూడు నిమిషాలు దాటితే మళ్ళీ డబ్బు కట్టాలనీ, మధ్యలో ఏడిస్తే ఆ సమయం కూడా లెక్కేననీ హెచ్చరించారు. (మా రిహార్సలు సంగతి అప్పటికే ఊరంతా పాకిపోయింది.) మనియార్డర్ల కోసం వచ్చినవాళ్ళు, కార్డు కొనడానికి వచ్చినవాళ్ళు, ఏ పనీ లేనివాళ్ళు, మొత్తం పదిహేనుమంది దాకా చేరారు. గంటన్నర కూర్చున్నాం. అర్జీ కాగితం నా అరచేతి చెమటకి మెత్తబడిపోయింది. చివరికి ఫోను మోగింది. మోగగానే నేను లేచి పారిపోయాను. వరండా మెట్లు దిగి వాన్లోకి పోతుంటే అత్త నా కొంగు దొరకబుచ్చుకుని వెనక్కి లాక్కొచ్చింది.

పోస్టుమాస్టరు గారు ఫోను నా చెవికి ఆనించారు. లోపల గరగర. ఎవరో హలో అన్నారు. అంతే, నేను కళ్ళు మూసుకుని, దివ్యసముఖమునకు దగ్గర మొదలుపెట్టి, విధేయురాలు దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. తరవాత ఒక పెద్దమనిషి గొంతు, తాను టెలిఫోను ఎక్స్ఛేంజీ నుంచి మాట్లాడుతున్నాననీ, నేను చాలా బాగా చెప్పాననీ, ఇప్పుడు కరెంటాఫీసుకి లైను కలుపుతాననీ, వాళ్ళకీ ఇదే చెప్పమనీ అంది. నా దగ్గర చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

లైను కలిసింది. అవతల గుమస్తా విసుగ్గా నంబరు అడిగాడు. చదివాను. పుస్తకం తిరగేసిన చప్పుడు వినబడింది.

"ఇది మిల్లు నంబరమ్మా. మీరు మిల్లోళ్ళా?"

"కాదండి, ఇల్లోళ్ళం" అన్నాను.

"మరి మీ కనెక్షను ఎవరి పేరున ఉన్నాది?"

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా వైపు గట్టి నమ్మకం. పెళ్ళయి ఎనిమిది నెలలయినా ఆ పేరు నేను మనసులో కూడా మెల్లిగానే అనుకునేదాన్ని. సాయం కోసం అత్త వైపు చూశాను. ఆవిడ అంతకంటే గట్టి చిక్కులో ఉంది. మా ఆయనకి పెట్టింది తాతగారి పేరు, అంటే అత్తకి స్వయానా మావగారి పేరు. మావగారి పేరు పలకడం ఇంకా పెద్ద తప్పు. అందుకని కన్నకొడుకుని పుట్టిందగ్గర్నుంచీ పెద్దోడా అనే పిలిచింది. (రెండోవాడు లేడు. అయినా పెద్దోడే.) పోనీ మీరు చెప్పండని పోస్టుమాస్టరు గారికి దణ్ణం పెడితే, మాట్లాడే పార్టీయే పేరు చెప్పాలి, రూలు అన్నారు. అలాంటి రూలేదీ లేదనీ, ఆయనకి సరదాగా ఉందనీ తరవాత తెలిసింది.

మా ఇంటాయన పేరునే ఉందని చెప్పాను. ఈ పుస్తకంలో ఉన్నవాళ్ళందరూ ఎవరో ఒకరి ఇంటాయనలేనమ్మా అన్నాడు గుమస్తా. సింహాచలం కొండమీద ఉంటారండి అన్నాను. కొండమీద ఉంటే ఈ ఊళ్ళో కరెంటెందుకని అడిగాడు. ఆయన కాదండి, దేవుడండి, ఆ దేవుడి పేరండి అన్నాను. నరసింహమా అన్నాడు. కాదండి, మనవాళ్ళు ముద్దుగా పిలుచుకునే పేరండి. అప్పన్నా? దగ్గరకొచ్చారండి, ఇంకొంచెం. ఆ మనిషి కూడా పాపం పట్టుదలకి వచ్చి, అప్పారావు, అప్పలనాయుడు, అప్పలసూరి అంటూ వరసగా చదవసాగాడు గానీ, వాన గరగరలో సగం పేర్లు నా చెవిదాకా రాలేదు. మా ఉత్తరాంధ్రలో ఈ పేర్లకి అంతుంటుందా. ఇంతలో ఎక్స్ఛేంజీ పెద్దమనిషి అడ్డొచ్చి, ఇంకా అర నిమిషమే ఉందన్నాడు. పోస్టుమాస్టరు గారు గడియారం నా ముందు పెట్టారు. అత్త నా చెవిలో, "ఒసే, రేడియో పోతాది" అంది. అది మునసబుని పిలిచే గొంతు కాదు.

నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని, "అప్పలస్వామి" అని అరిచాను.

గారు అనలేదు. మర్యాద గుర్తుకు రాలేదు. గట్టుమీదనుంచి దూడని పిలిచినట్టు, వట్టి అప్పలస్వామి. కార్డుల మీద ముద్ర గుద్దుతున్న పోస్టుమాను చెయ్యి గాల్లో ఆగిపోయింది. వరండాలోంచి ఇద్దరు మనుషులు ఒకేసారి ఏటని బదులు పలికారు.

గుమస్తా ఒక్కసారి నవ్వాడు. మీ ఊరి మిల్లు ఓనరు పేరూ అదే గదమ్మా అన్నాడు. ఆయన్ని ఊరంతా మిల్లు బుగత అనేవాళ్ళు, ఆయనకీ ఒక పేరుంటుందని మాకెప్పుడూ తోచలేదు. పేరు చూసి మిల్లు బిల్లు మాకిచ్చారు, మా బిల్లు మిల్లుకిచ్చారు. మీ బిల్లు మిల్లువాళ్ళు మొన్ననే కట్టీసినారు, మీ తీగ ఎవులూ ముట్టుకోరు, లైన్‌మానుకి నేను కబురెడతాను, ఇంటికెళ్ళి హాయిగా తొంగోండి అన్నాడు. నేను విధేయురాలు అనబోయేలోగా లైను తెగిపోయింది.

వాన్లోనే ఇంటికి నడిచొచ్చాం. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ అత్త అంది.

"మా మావ పేరు అంత గట్టిగా ఆయన బతికుండగా కూడా ఎవులూ అరవనేదు. గొంతు బాగున్నాదే నీకు."

తాతగారి పటం ముందు నాచేత లెంపలు వేయించి, నన్ను పంపించినందుకు తనూ వేసుకుంది. ఆ సాయంత్రం రేడియో ముందు వరసలో, తన పక్కన, నాకు పీట వేసింది. గెడ్డ తీశాక మిల్లు బుగత కరెంటాఫీసులో సంగతి తెలుసుకుని తన బిల్లు కోసం వచ్చాడు. చిన్న బిల్లు చూసి సింహాద్రి అప్పన్న దయ తలిచాడనుకుని కొబ్బరికాయ కూడా కొట్టాడట. మా బిల్లు డబ్బు అత్త ఇచ్చింది గానీ, కొబ్బరికాయ డబ్బు ఇవ్వలేదు.

ఆ తరవాత వీధిలో ఆడవాళ్ళు బిల్లులు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. పక్కన నిలబడి వాళ్ళ ఆయన ఏ దేవుడి పేరువాడో సైగ చేసేవారు, నేను ఆ పేరు ఫోనులో టకటకా చెప్పేసేదాన్ని. ఆ ఏడాదిలో వీధిలో మగాళ్ళందరి పేర్లూ పలికాను. వాళ్ళెవరి ఆయుష్షూ తగ్గినట్టు లేదు. నేను ఆ మొదటి ఫోను చేసిన రెండు వారాలకి మా ఆయన నౌపడ నుంచి వచ్చారు. ఊళ్ళోకి అడుగు పెట్టగానే పోస్టుమాస్టరు గారు అంతా చెప్పేశారట. ఆ రాత్రి వడ్డిస్తుంటే, ఏదీ, ఒక్కసారి నాకూ వినిపించు అన్నారు. నేను పులుసు గిన్నె అక్కడే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తాను.

ఇప్పుడు ఫోను నా చేతిలోనే ఉంటుంది. కరెంటువాళ్ళతో, గ్యాసువాళ్ళతో, మధ్యలో పాటలు వినిపించి నిలబెట్టేవాళ్ళతో అందరితోనూ నేనే మాట్లాడతాను, అవసరమైతే గదమాయిస్తాను. ఆయన పక్క గదిలో పేపరు చదువుకుంటూ ఉంటారు. అన్నానికి పిలవాలంటే మాత్రం గరిటెతో గిన్నె మీద రెండుసార్లు కొడతాను. వస్తారు. ఆ రోజు వాన్లో తడిసి, చెమట పట్టిన అర్జీ గుప్పిట్లో నలుపుతూ నిలబడిన ఆ పిల్లకి అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. మళ్ళీ అంత నావల్ల కాలేదు.