మణికట్టు మీద చూసిన కారం

మా మేనత్త మిరపకాయ కారాన్ని నాలుకతో చూసేది కాదు. కాయను గోటితో చీల్చి, ఎడమ మణికట్టు లోపలి వైపు రుద్దుకొని, కళ్లు మూసుకొని కూర్చునేది. చర్మం ఎర్రబడి చురుక్కుమంటే సంతోషం. లేకపోతే చెట్టుకు నీళ్లు తగ్గించేది. ఆమె వితంతువు. కారం నోట పెట్టగూడదు. ఒంటిపూట చప్పిడి తిండి, ఇంత మజ్జిగ. కారం తిన్న విధవకు కోరికలు రేగుతాయని మా ఇంట్లో నమ్మకం. మా నాయన జమ్మలమడుగులో పురోహితుడు. అత్త ఆయనకు అక్క.

ఆమెను పులివెందులలో ఇచ్చారు. కాపురం ఏడాది నిండకుండానే మొగుడు పోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చేటప్పుడు కొంగు చివర రెండు ఎండుమిరపకాయలు ముడివేసుకొని వచ్చిందట. ఆ ఇంటి పెరట్లో కాసే రకం అది. చిటికెన వేలి గోరంత కాయ, ఆకాశం వైపు నిక్కి కాస్తుంది. దాని పేరు ఎవరికీ తెలియదు. అత్త మొండిమిరప అనేది. గింజలను బూడిదలో కలిపి, ఎండిన సొరబుర్రలో దాచి, ఏటా నాటుకునేది. ఆకు వాడి వేలాడేదాకా నీళ్లు పోసేది కాదు. కడుపునిండా తాగిన చెట్టుకు కారం పుట్టదనేది. చిలకలు వచ్చి ఆ కాయలనే తినిపోయేవి. నేను తరమబోతే, "పోనీలేరా, పక్షి నోటికి మంట తెలీదు. తిననీ" అనేది.

గోడ అవతల ఒక దర్జీ కుటుంబం ఉండేది. మా ఇంట్లో వాడగా మిగిలిన కాయలన్నీ వాళ్లింటికే పోయేవి.

"ఏందక్కా ఇది, మిరప చెట్టా, కొలిమా? మా ఆయన మగతనం చూపిస్తానని ఒక కాయ నమిలినాడు. ఇంగ జూడు, బాయి కాడికి ఒకటే పరుగు!" అన్నది దర్జీ భార్య ఒకనాడు.

"నీళ్లు తాగితే ఇంకా ఎక్కువైతాది. మజ్జిగ పోయకపోతివా?"

"తినేదానివి కాకపోతివి, నీకెట్ల తెలుసక్కా?"

అత్త మణికట్టును చీర చెంగుతో తుడుచుకున్నది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో బడిపంతులుగా చేరాను. సాయంత్రాలు పఠనాలయంలో వాదప్రతివాదాలు. విగ్రహారాధన, అంటరానితనం, వితంతు వివాహం, దేనిమీదనైనా ఎదుటివాణ్ణి నోరెత్తనిచ్చేవాణ్ణి కాదు. వితంతు వివాహం అనే మాట నేను నేర్చేనాటికి అత్త నలభై దాటింది. ఇక మిగిలింది ఒక మిరపకాయ. కనీసం దాన్నయినా ఆమె విస్తట్లో పెట్టించాలని ఒక ఆదివారం బస్సెక్కి ఇంటికొచ్చాను.

నాయన జొన్నరొట్టె తింటున్నాడు. పక్కన అదే మొండిమిరపతో అత్త నూరిన ఊరుబిండి ఉంది. రోటిపచ్చడిని మా వైపు అట్లాగే అంటాం. నూరిన మనిషి గడప పక్కన కూర్చొని ఉంది.

"అత్త కారం తినగూడదని ఏ శాస్త్రంలో ఉంది?" అన్నాను.

"వచ్చినావా? మొదలుపెట్టు" అన్నాడు నాయన.

"మిరపకాయ ఈ దేశపుది కాదు. పరదేశీయులు పడవల్లో తెచ్చినారు. నీ స్మృతులు రాసిన రుషులు దాని మొహం కూడా చూడలేదు. చూడని కాయను వాళ్లెట్లా కాదన్నారు?"

"అందుకేరా తద్దినం వంటలో దాన్ని వాడం, మిరియాలు వేస్తాం."

"తద్దినం చచ్చినవాళ్లకు. నేనడిగేది బతికున్నదాని సంగతి."

నాయన రొట్టె ముక్క చేతిలోనే పట్టుకొని ఆలోచించాడు. నా జీవితంలో ఆయన వాదనలో ఓడిపోవడం అదే మొదలు, అదే చివర. "నేనెప్పుడు వద్దన్నాను? తింటే తిననీ" అన్నాడు.

నేను లేచి వెళ్లి పండుకాయ ఒకటి కోసుకొచ్చి అత్త ముందు పెట్టాను. ఆమె దాన్ని వేళ్ల మధ్య తిప్పింది. వాసన చూసింది. మళ్లీ కింద పెట్టింది.

"వద్దులే నాయనా."

"ఆయన ఒప్పుకున్నాడు గదత్తా!"

"ఒప్పుకున్నాడు. ఇప్పుడు తింటే ఏమీ కాదంటావు. అయితే ఇన్నేండ్లు ఎందుకు తినకుంటిరా నేను?"

కాయను మళ్లీ ఆమె ముందుకే జరిపాను. 

ఆమె దాన్ని తిరిగి నా వైపు జరిపింది. "నువ్వు తిను. తిని ఎట్లుందో చెప్పు."

కొరికాను. చెవుల్లోంచి పొగ వచ్చినట్లయింది. కళ్లు, ముక్కు ఏకధారగా కారాయి. ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నాయన పగలబడి నవ్వాడు. "చెప్పరా, ఉపన్యాసం చెప్పు!"

"మండుతాంది" అన్నాను ఎట్లాగో.

"మండేది నా చేతికీ తెలుసు. రుచి చెప్పు" అన్నది అత్త నా మీదికి వంగి. "మొదట మంట. అది దిగినంక నాలిక కొనకు తీపి వస్తాది. పులివెందుల ఇంట్లో మీ మామా నేనూ ఒకే కాయ కొరికి, తీపి ఎవరికి ముందొస్తాదో అని పందెం వేసుకునేవాళ్లం. వచ్చిందా?"

కనిపెట్టుకొని కూర్చున్నాను. ఆమె నా నోటి వైపే చూస్తున్నది. మంట దిగింది. దాని వెనక ఏమీ రాలేదు.

"రాలేదత్తా."

"ఈ మట్టిలో రాదేమోలే" అన్నది. చీపురు తీసుకొని, ఊడ్చిన పెరడే మళ్లీ ఊడ్చింది.

తర్వాత కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం, జ్వరంతో పోయింది. పదోనాడు పెన్న ఇసుకలో పిండం పెట్టాం. కాకి రాలేదు. ఎండ ముదిరేకొద్దీ బంధువుల గుసగుసలు పెరిగాయి. "ఏం కోరిక మిగిలిందో!" అని ఒకరు, "మొండిమనిషి, అంత తేలిగ్గా పోతుందా" అని ఇంకొకరు. నాయన ఆకాశం వైపు చేతులు జోడించి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె కోరిక ఏమిటో ఇంతమందిలో ఆమెను అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఆమె గుర్తుగా ఆ పొద్దున కోసి సంచిలో వేసుకొచ్చిన మొండిమిరపకాయలను పిడికెడు తీసి ఆకు మీద విసిరికొట్టాను. "ఇదీ ఆమె కోరిక. చూడండి!" అన్నాను.

కాకి వచ్చింది. ఒకటి కాదు, గుంపుగా. ఎర్రగా కనిపించిన కాయలనే ముందు పొడుచుకు తిన్నాయి. పక్షి నోటికి మంట తెలియదని నేను అరిచి చెప్పాను. వినేదెవరు? నాయన ఇసుకలో సాష్టాంగపడ్డాడు. ఆడవాళ్లు బావురుమన్నారు. వాళ్లను సిగ్గుపడేటట్లు చేయాలని నేను చేసిన పని వాళ్ల చేతికి కొత్త ఆచారాన్ని ఇచ్చింది.

మా వీధిలో ఇప్పుడు ఏ వితంతువు పోయినా పిండం పక్కన మొండిమిరప పెడతారు. విత్తనం దర్జీ ఇంటి పెరట్లో మిగిలింది. అక్కడినుంచి ఒక మొక్క తెచ్చి నేనూ పెంచుతున్నాను. మొన్న పక్క సందులో ఒక ముసలామె పోతే, కాయల కోసం ఆమె కోడలు వచ్చింది. చిన్న వయసు. నిరుడే మొగుడు పోయాడు, తలమీద ముసుగు. కావలసినన్ని కోసిచ్చి, ఇంకొకటి విడిగా ఆమె చేతిలో పెట్టాను.

"ఇది నీకమ్మా. ఇంటికి పోయి రొట్టెలోకి నంజుకో."

పిచ్చివాణ్ణి చూసినట్లు చూసింది.

"నాకెందుకు మామా? నేను తినగూడదు గదా" అని, ఆ కాయను కూడా మిగతావాటితో కలిపి కొంగున ముడివేసుకొని వెళ్లిపోయింది.