కార్ల ఆట సీడీ మీద గీతలు

నా కంప్యూటరు మొరాయిస్తోందని మొన్న మా అమ్మాయి అందులో ఉన్నదంతా తుడిచేసి, కొత్తగా ఓఎస్ వేసి ఇచ్చింది. పాత కార్ల ఆటను నేనే మళ్లీ ఎక్కించుకుని తెరవబోతే, దీన్ని నమ్ముతున్నారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. అడక్క అడక్క నన్నే అడిగింది. కిలో చక్కెర తెచ్చినా ఇంట్లో మళ్లీ తూచుకునే రకం నేను.

ఇరవై ఏళ్ల కిందట కోవూరులో డీటీపీ పనికని కంప్యూటరు కొన్నప్పుడు, మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆటలన్నీ సీడీల్లోనే వచ్చేవి. వైరస్ పట్టిందంటే ఫార్మాట్ చేసి, సీడీలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించేసరికి సగం రోజు గడిచేది. ఆ కార్ల ఆట సీడీని మద్రాసు నుంచి తెచ్చిచ్చింది మా బావ, అంటే మా అక్క భర్త. జువ్వలదిన్నె నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని, తెర మీద మలుపు వచ్చినప్పుడల్లా తానూ ఒంగుతూ ఆడేవాడు. అన్నదమ్ములు లేని నేను వారమంతా ఆ ఆదివారం కోసమే ఎదురుచూసేవాణ్ని.

ఒక ఏడు దసరా అయిన వారానికి ఫార్మాట్ చేసి ఆట ఎక్కించబోతే సగంలో ఆగిపోయింది. సీడీని వెలుతురుకు పట్టి చూస్తే, అద్దంలా ఉండాల్సింది కాస్తా ఒళ్లంతా గీతలు. పండగకు ముందు బావ దాన్ని ఎవరో స్నేహితుడికి చూపిస్తానని తీసుకెళ్లి తిరిగి ఇచ్చాడు. ఇంకేముంది, మంచిది అక్కడ ఉంచేసి అరిగిపోయినదేదో నాకు అంటగట్టాడని తేల్చేసుకున్నాను. ఎదురుగా అడిగే ధైర్యం లేక అక్క చేత అడిగించాను, అది మరీ నీచం. బావ వచ్చి వాకిట్లోనే నిలబడి, "నేను తెచ్చిచ్చినదాన్ని నేనే మారుస్తానా బామ్మర్దీ? ఇంత మాట మీ అక్క చేత అడిగించినావే," అని అటునుంచి అటే వెళ్లిపోయాడు. ఏడాది పాటు మళ్లీ రాలేదు. రాకపోవడమే రుజువని నేను అనుకున్నాను.

మరుసటి ఆయుధపూజ నాడు అమ్మ కీబోర్డుకూ మానిటరుకూ బొట్లు పెట్టి, సీడీలను కూడా డబ్బాల్లోంచి తీసి, మెరిసే వైపు తిప్పి పసుపూ కుంకుమా పెడుతుంటే చూశాను. అటువైపెందుకమ్మా అంటే, "మెరిసేదే గదా మొహం? పోయినేడూ అట్నే పెట్టినా. మర్నాడు కుంకం పోకపోతే పీచుతో తోమి పెట్టినా," అంది.

ఆ పూటే జువ్వలదిన్నె వెళ్లి, జరిగింది చెప్పి, తప్పయిపోయింది బావా అన్నాను. ఆయన పీచు సంగతి విని పడీపడీ నవ్వాడు, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించాడు. అక్కడితో అంతా సర్దుకుందనే అనుకున్నాను.

ఇప్పుడు ఆటకు సీడీ అక్కర్లేదు. ఒకరు తెచ్చివ్వనక్కర్లేదు, ఎవరో మార్చేస్తారన్న బెంగా లేదు, పోయినా నెట్‌లోంచి గంటలో మళ్లీ దిగుతుంది, దిగినదాన్ని ఒక్కణ్నే కూర్చుని ఆడుకుంటున్నాను. బావకు అరవై అయిదు దాటాయి, ఇప్పటికీ మా ఇంటికి వస్తూనే ఉంటాడు. వచ్చిన ప్రతిసారీ, నవ్వుతూ పలకరిస్తూనే, ఒకప్పుడు నా కుర్చీ పక్కనే పెట్టుకునే చేతిసంచిని గడప బయట పెట్టి లోపలికి వస్తాడు. ఎందుకని నేను ఇంతవరకూ అడగలేదు.