కుడికి ఒరిగిన కారవాన్

"పెద్దమ్మగారూ, కుడివైపు ఇంకో రెండు పట్టీలు ఎక్కించి పంపెయ్యండి. బండి లేస్తుంది, మా తలనొప్పీ పోతుంది."

"ఎక్కియ్య."

"ఎక్కియ్యనంటే ఎలాగండీ? బండి మాది."

"బండి నీదే సారూ. సుత్తి నాది."

"రేపు మధ్యాహ్నానికల్లా ఇది వికారాబాద్ గుట్టల మీదుండాలి. మేడం గారి షూటింగ్. ఊళ్లో కమాన్ షాపు మీదొక్కటే అనుకుంటున్నారా?"

"టోలిచౌకిల చానా ఉన్నయ్. పో. చక్రాలు ఇప్పి గోడకు ఆనిచ్చిన. బండిని నెత్తిన పెట్టుకోని పో."

ఇది రెండేళ్ల కిందటి ఎండాకాలంలో మా షాపు ముందు జరిగిన మాట. అవతల ఉన్నది ఒక సినిమా మేనేజరు. మనిషి చెడ్డవాడు కాదు, ఎప్పుడూ రెండు ఫోన్లతో పరుగు మీద ఉంటాడు. ఇవతల ఉన్నది నేను.

మా షాపు ఫిల్మ్ నగర్ నుంచి టోలిచౌకికి దిగే దారిలో ఉంది. మాది కమ్మరి ఇల్లు. మా ఆయన పోయాక షాపు మూసెయ్యమన్నారు అందరూ. కొలిమి చల్లారితే మళ్లీ రాజెయ్యడం కష్టమని నేనే కూర్చున్నాను. చదువు మూడో తరగతితో ఆగింది. అయినా ఏ బండి ఎక్కడ కుంగిందో దాని నడక చూసి చెప్పగలను. సుత్తి పట్టేది ఖాజా మియా. మా ఆయన ఉన్నప్పటి నుంచీ ఉన్నాడు.

తెలియని వాళ్ల కోసం కమాన్ అంటే ఏమిటో చెప్తాను. బండి వెనక ఇరుసుకు రెండు పక్కలా విల్లులా వంచిన ఇనుప పట్టీల కట్టలు ఉంటాయి. షోరూం వాళ్లు లీఫ్ స్ప్రింగ్ అంటారు. అన్నిటికంటే పొడుగైన పట్టీ మెయిన్ లీఫ్. దాని కొసలు చెవిలా చుట్టి ఉంటాయి. బండిని పట్టుకునేది ఆ చెవులే. దాని కింద ఒకదాని కంటే ఒకటి పొట్టిగా మిగతావి ఉంటాయి. మోసి మోసి పట్టీల వంపు పోతే కొలిమిలో కాల్చి, మళ్లీ వంపు కొట్టి, నూనెలో ముంచి పదును పెడతాం. కొత్తవి కొనమని ఊరికే చెప్పను. ఇంకా పదేళ్లు మోసే ఇనుమును తుక్కు కింద వేస్తే నాకు అన్నం దిగదు.

ఇక ఆ బండి సంగతి. చిన్న పికప్. వెనక ట్రాలీ తీసేసి దాని మీద గది కట్టించారు. లోపల అద్దం, పడుకునే సీటు, ఏసీ, మూలన చిన్న బాత్రూం. షూటింగ్‌లో మేకప్ వేసుకోవడానికి, ఎండలో కాసేపు నడుం వాల్చడానికి. ఫిల్మ్ నగర్‌లో దీన్ని కారవాన్ అంటారు. పెద్ద హీరోలకైతే బస్సంత ఉంటుంది. ఇది తల్లి వేషాలు వేసే ఒక నటిది. అందరూ మేడం గారు అంటారు, నేనూ అలాగే రాస్తాను.

డ్రైవరు యాదగిరి. జనగామ దిక్కువాడు, నెమ్మదస్తుడు. వెనక కుడివైపు కుంగిందని రెండుసార్లు బండిని మా దగ్గరికి తెచ్చాడు. రెండుసార్లూ వంపు కొట్టి, చెవుల్లోని రబ్బరు బుష్‌లు మార్చి పంపాం. మూడోసారి వచ్చినప్పుడు ఖాజా మియా కిందికి దూరి చూసి వెంటనే బయటికొచ్చాడు.

"అమ్మా, మెయిన్ పట్టీ చెవి కాడ చీరింది."

నేనూ వంగి చూశాను. వెంట్రుక లాంటి గీత. అది ఘాట్ రోడ్డు మీద పూర్తిగా తెగితే ఇరుసు పక్కకు జరుగుతుంది. ఆ తర్వాత స్టీరింగ్ ఎవరి మాటా వినదు.

మేనేజరు మాత్రం తప్పంతా యాదగిరిదే అన్నాడు. "గుంత కనిపిస్తే చాలు, కుడి చక్రం అందులో దింపుతాడండీ. మేడం గారు ఊరుకోరు. రేపు బండి ఒరిగి కనిపిస్తే వీడి ఉద్యోగం ఊడుతుందని నిన్ననే చెప్పేశారు."

యాదగిరి తల వంచుకుని గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ చేతులకు మసి కూడా లేదు.

నాకు అప్పుడు కోపం వచ్చింది. నా కమాన్ మూడు నెలలు కూడా ఆగకపోవడం ఒక కోపం. ఆ తప్పు తీసుకెళ్లి నోరులేని వాడి మీద పెట్టడం ఇంకో కోపం. మెయిన్ పట్టీ మార్పించి, చక్రాలు బిగించి బండిని చదును నేల మీద నిలబెట్టించాను. చీపురు పుల్ల ఒకటి తీసి ఎడమ చక్రానికీ పైన రేకుకీ మధ్య ఎంత సందుందో అంతకు తుంచాను. అదే పుల్లను కుడివైపు పెడితే దూరలేదు, వంగిపోయింది. మా కొలబద్ద అదే, కొనాల్సిన పని లేదు.

"లోపలున్న సామానంతా దించుండ్రి," అన్నాను.

"టైం లేదండీ!"

"గింతసేపు లొల్లి పెట్టుకునేటందుకు ఉంది గద టైం. దించుండ్రి."

బట్టల ఇనప ట్రంకు, పెద్ద బ్యాటరీలు, కుర్చీలు, అన్నీ కుడివైపు వెనక మూల నుంచే వచ్చాయి. చివరికి ఖాజా మియా సీటు కింద చెయ్యి పెట్టి, "అమ్మా, గిదేందో చూడు," అన్నాడు. పసుపు గుడ్డ కప్పిన నల్లరాతి బండ. కుంకుమ బొట్లు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు.

అది దిగాక పుల్ల పెట్టి చూశాను. రెండు వైపులా ఒకేలా దూరింది. కమాన్‌కు రోగం లేదు. రోగం దాని మీద కూర్చుంది.

మేనేజరు గొంతు తగ్గించాడు. "వాస్తు అండీ. కారవాన్ ఎక్కడ ఆపినా తూర్పు ముఖంగా ఆపుతాం. అప్పుడు వెనక కుడి మూల నైరుతి అవుతుంది. నైరుతిలో బరువుండాలన్నారు. ఈ రాయి పెట్టిన నెల నుంచే మేడం గారికి వరసగా వేషాలు. దాన్ని కదపమని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే రెండు పట్టీలు వెయ్యమంటున్నాను."

మళ్లీ పట్టీల దగ్గరికే వచ్చాడు. బండి అలాగే తీసుకుపోకుండా ఖాజా మియాతో దాన్ని జాకీ మీదికి లేపించి, వెనక చక్రాలు మళ్లీ విప్పించాను. ఈ కథ మొదట్లో రాసిన గొడవ అప్పటిదే.

ఒక పక్కనే పట్టీలు పెంచితే ఏమవుతుందో కొందరు మెకానిక్‌లు కూడా ఆలోచించరు. నిలబడ్డప్పుడు బండి సమంగా కనిపిస్తుంది. నడిచేటప్పుడు మాత్రం ఒక కాలు వంగుతుంది, ఇంకో కాలు వంగదు. బ్రేకు వేస్తే పక్కకు లాగుతుంది. పైన గది కట్టిన బండికి తల బరువెక్కువ, గుట్ట మలుపులో ఒరిగితే తిరిగి లేవదు. ఒరుగుడు కనబడకుండా చెయ్యడం రిపేరు కాదు.

మేనేజరు ఫోన్ పట్టుకుని అవతలికి వెళ్లాక యాదగిరి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అవ్వా, ఏసెయ్యరాదే ఆ రెండు పట్టీలు. నా నౌకరి పోతది."

"నౌకరి పోతె ఇంకోటి దొరుకుతది."

"నీకు అల్కగనే ఉంటది. పిల్లల ఫీజులు నేను గట్టాలె గద. నడిపేది నేనే, మెల్లగ నడుపుత."

"మెల్లగ నడిపితె మలుపు సక్కగైతదారా? ఏయ్య. నువ్వు కాళ్లు మొక్కినా ఏయ్య."

మొహం తిప్పుకున్నాడు. వాడి పక్షాన నిలబడ్డానని నేననుకుంటున్నాను, వాడికేమో అన్నం కంచం లాక్కున్నట్టుంది. అయినా జాకీ దించమనలేదు. మేనేజరును పిలిచి, "మీ మేడమమ్మను రమ్మను. నేనే మాట్లాడుత," అన్నాను.

వస్తుందనుకోలేదు, వచ్చింది. శ్రీనగర్ కాలనీలోనే ఇల్లు. తెల్ల కారు దిగి, నూనె మరకలు తొక్కకుండా చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నేరుగా రాయి దగ్గరికి వెళ్లింది.

"నేల మీద పెట్టారా దీన్ని?"

"కింద గోనెసంచి పరిచినమమ్మా. మేము గూడ కొలిమికి మొక్కకుంట సుత్తి ముట్టం. నీ నమ్మకాన్ని నేనేం అంటలేను."

"మరి గొడవేంటి?"

"ఇల్లయితె కదలదు. బండి మలుపు తిరిగినప్పుడల్లా నీ నైరుతి ఇంకో దిక్కు పోతది. బరువు మాత్రం గాడనే ఉంటది."

"ఆపినప్పుడు సరిగ్గా ఉంటే చాలన్నారు. నడిచేటప్పుడు నేనందులో ఉండను కదా, నా కారులో వస్తాను."

"యాదగిరి ఉంటడు."

ఆమె యాదగిరి వైపు చూసింది. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెగబోయిన మెయిన్ పట్టీ తెప్పించి, ఆ చీలిక మీద ఆమె వేలు పెట్టించాను. వేలికి మసి అంటింది, తుడుచుకోలేదు.

"రాయి తీసెయ్యమంటారు, అంతేగా?" అంది చివరికి.

"తీసెయ్యమంటలేను. బండి ఆగినంక నీ మూలకు పెట్టుకో. నడిచేటప్పుడు నీ కార్ల ఏస్కపో."

"నా కారులోనా? అంత బండ వేస్తే కారు వంగిపోదూ!"

ఆ మాట అంటూనే ఆమె తన కారు వైపు, తర్వాత కారవాన్ వైపు చూసింది. ఖాజా మియా కొలిమిలో బొగ్గు సర్దుతున్నాడు. మేనేజరు రెండు ఫోన్లూ జేబులో పెట్టుకున్నాడు.

"మీరు చాలా మొండివాళ్లమ్మా," అంది ఆమె.

"మెత్తగుంటే కమాన్ షాపు నడ్వదు తల్లీ."

ఆమె కారెక్కి వెళ్లిపోయింది. మేనేజరు నా వంక చూసి, "రేపు యాదగిరిని మానిపించేస్తే ఆ పాపం మీదేనండీ," అని ఆమె వెనకే వెళ్లాడు. యాదగిరి నాతో చెప్పకుండా బస్టాపు వైపు నడిచాడు.

మేము మాత్రం పని ఆపలేదు. బ్యాటరీలను ఎడమవైపుకు మార్చి, వైర్లు పొడిగించాం. ట్రంకును మధ్యకు జరిపి బెల్టుతో కట్టాం. చక్రాలు బిగించి బండిని దించాం. రాయిని సంచి మీదే, పసుపు గుడ్డ కప్పి ఉంచాను. బండిలోకి ఎక్కించలేదు. వాళ్లు టోలిచౌకిలో ఇంకెవరితోనైనా ఎక్కించుకోవచ్చు, నా వాకిట్లో మాత్రం కాదు.

ఆ బండి నుంచి నేర్చుకున్నదొకటి చెప్తాను. అంతకు ముందు ఒరిగిన బండి వస్తే నేరుగా కిందికి దూరేవాళ్లం. ఇప్పుడు ముందు పైకెక్కుతాం. ఏం మోస్తోంది, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడుగుతాం. జవాబు చెప్పని బండిని ముట్టుకోం. గిరాకీ పోతుందని ఖాజా మియా అప్పుడప్పుడు సణుగుతాడు. పోనీ.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి మేడం గారి తెల్ల కారు వాకిట్లో ఉంది. మేడం రాలేదు, వేరే కారులో వెళ్తుందట. మేనేజరు, యాదగిరి దిగారు. "రాయి కారులో వేసుకు రమ్మన్నారు," అన్నాడు మేనేజరు. అతనూ యాదగిరీ దాన్ని ఎత్తి డిక్కీలో పెట్టారు. కారు వెనక కొంచెం కిందికి దిగింది. నేను చీపురు పుల్ల తీసుకుని కారవాన్ రెండు వైపులా పెట్టి చూశాను, సరిగ్గా దూరింది. యాదగిరి డ్రైవర్ సీటెక్కి, "పోయొస్త అవ్వా," అన్నాడు. రెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి వికారాబాద్ దారి పట్టాయి. నేను పుల్లను గోడ సందులో దాచి, కొలిమి రాజేశాను.